డైవ్‌ల లెక్క వేరు, నీళ్లలో పనితనం వేరు

(హనుమకొండలో ఈత నేర్చుకునే యువతీ యువకులు, వాళ్ల కుటుంబాలతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల వరకు మాట వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినిపించకపోతే చెయ్యెత్తండి.

నేను పుట్టి పెరిగింది ఇక్కడే, హనుమకొండలోనే. ఇప్పుడు వైజాగ్‌లో స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకి వెళ్లడం, నేర్పుతున్నాను. ఊరికి వచ్చినప్పుడల్లా బంధువులైనా, ఈత కొలను దగ్గర కలిసే పిల్లలైనా ముందు అడిగేది ఒకటే, "అన్నా, ఇప్పటిదాకా ఎన్ని డైవ్‌లు చేసినవ్?" అని. ఏదో అంకె చెప్తే అబ్బో అంటారు. ఆ అంకె మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ గంట వాడుకుంటాను, ఎందుకంటే ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు ఇప్పటికే కోర్సు చేసి కార్డు తెచ్చుకున్నారు, కొందరు వచ్చే సెలవుల్లో చేయబోతున్నారు, ఇంకొందరు ఏ కోర్సూ లేకుండానే గోదావరిలో, చెరువుల్లో మునిగి మనుషుల్ని బయటికి తీసినవాళ్లు. మీ అందరికీ ఇది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ముందు కార్డు సంగతి చూద్దాం. మొదటి కోర్సు పేరు ఓపెన్ వాటర్. కొలనులో సాధన, థియరీ, ఆ తర్వాత సముద్రంలో 4 డైవ్‌లు. మామూలుగా మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. చేతికి కార్డు వస్తుంది, దాని మీద 18 మీటర్ల లోతు వరకు వెళ్లొచ్చు అంటారు. ఇంకో 5 డైవ్‌లు చేస్తే అడ్వాన్స్‌డ్, 30 మీటర్లు. అంటే లెక్కప్రకారం జీవితంలో మొత్తం 9 సార్లు నీళ్లలో దిగిన మనిషి 30 మీటర్ల లోతుకి వెళ్లవచ్చు. ఆ కార్డుకి గడువు లేదు, డ్రైవింగ్ లైసెన్సులా రెన్యువల్ అడగరు. పదేళ్ల తర్వాత తీసుకెళ్లినా అది చెల్లుతుంది. అయితే శిక్షణ సంస్థలు ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్తాయి, దాన్ని ఎవరూ చదవరు: నువ్వు ఎలాంటి నీళ్లలో నేర్చుకున్నావో అలాంటి నీళ్లలో, లేదా అంతకంటే సులువైన నీళ్లలో మాత్రమే ఈ కార్డు పనికొస్తుంది. అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్ దగ్గర, పది పదిహేను మీటర్ల దూరం తేటగా కనిపించే వెచ్చని నీళ్లలో నేర్చుకున్నవాడికి ఆ కార్డు అక్కడికి సరిపోతుంది. అదే మనిషి, అదే కార్డుతో, చెయ్యి చాపితే వేళ్లు కనిపించని బురద నీళ్లలో దిగితే ఆ రోజు అతను కొత్తవాడే.

నా దగ్గరికి వచ్చేవాళ్ల లాగ్‌బుక్, అంటే ప్రతి డైవ్ వివరాలు రాసుకునే పుస్తకం, నేను తప్పకుండా చదువుతాను. మొదటి పేజీలు కాదు, చివరి పేజీలు. అంకె చూడను. చివరిసారి ఎప్పుడు దిగారు, ఎక్కడ, నీళ్లు ఎంత దూరం కనిపించాయి, కరెంట్, అంటే నీటి లాగుడు, ఉందా, సిలిండర్‌లో ఎంత గాలితో పైకి వచ్చారు, మునగడానికి ఒంటికి ఎంత బరువు కట్టుకున్నారు, ఇవి చూస్తాను. చాలామంది దగ్గర వందకు పైగా డైవ్‌లు ఉంటాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. పడవ మీద ఎవరో సిలిండర్‌కి రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) బిగించి ఇస్తారు, బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) తొడుగుతారు, గైడ్ ముందు వెళ్తాడు, వీళ్లు అతని కాళ్లకున్న ఫిన్స్ చూసుకుంటూ వెనక వెళ్తారు, గాలి ఎంతుందో గైడే అడుగుతాడు, ఎప్పుడు పైకి రావాలో గైడే చెప్తాడు. అంటే ఆ వంద సార్లలో ఈ మనిషి ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. "ఈసారి దారి మీరే చూడండి, పడవ దగ్గరికి మీరే తీసుకురండి" అంటే ముఖం మారిపోతుంది. అది వాళ్ల తప్పు అనను, వాళ్లని ఎవరూ అడగలేదు అంతే. కానీ ఆ వంద అనే అంకె చూసుకుని 40 మీటర్లకి వెళ్తానంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇందులో ముఖ్యమైన విషయం గాలి లెక్క. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, లెక్కలంటే భయపడకండి, ఆరో తరగతి గుణకారమే.

నీళ్లలో ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. పైన 1, పది మీటర్ల దగ్గర 2, ఇరవై దగ్గర 3, ముప్పై దగ్గర 4. ఎంత లోతుకి వెళ్తే ఒక్కో ఊపిరికి అన్ని రెట్లు గాలి సిలిండర్‌లోంచి ఖర్చవుతుంది. సిలిండర్ 12 లీటర్లది అనుకుందాం, 200 బార్ వరకు నింపారు (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం), అంటే 2,400 లీటర్ల గాలి. 50 బార్ అత్యవసరానికి వదిలేయాలి అని అన్నిచోట్లా నేర్పుతారు, అది 600 లీటర్లు. మిగిలింది 1,800. ప్రశాంతంగా ఉన్న మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడు అనుకుంటే 20 మీటర్ల దగ్గర 60 లీటర్లు కావాలి, అంటే 30 నిమిషాలు. 30 మీటర్ల దగ్గర నిమిషానికి 80, అంటే 22 నిమిషాలు. ఇంతవరకు చాలామందికి తెలుసు.

ఇప్పుడు ఎవరూ వేయని లెక్క వేద్దాం. 20 మీటర్ల దగ్గర నా పక్కనున్న బడ్డీకి, అంటే నాతో జతగా దిగిన మనిషికి, గాలి అయిపోయింది. నా దగ్గర సరిగ్గా 50 బార్ ఉంది, అందరూ చెప్పినట్టే. ఇద్దరం నా సిలిండర్ మీదే పైకి రావాలి. టెన్షన్‌లో మనిషి ఊపిరి రెట్టింపు అవుతుంది, ఒక్కొక్కరికి 40 లీటర్లు, ఇద్దరికి 80, ఆ లోతులో మూడు రెట్లు అంటే నిమిషానికి 240 లీటర్లు. అతనికి నా రెండో రెగ్యులేటర్ ఇచ్చి, కాస్త కుదుటపరిచి, చెయ్యి పట్టుకుని బయలుదేరడానికి ఒక నిమిషం పోయింది అనుకోండి, 240 అక్కడే అయిపోయాయి. నిమిషానికి 9 మీటర్ల వేగంతో పైకి రావాలి, రెండు నిమిషాలకు పైగా పడుతుంది, సగటు పీడనం 2 అనుకుంటే దానికి ఇంకో 350 లీటర్లు. మొత్తం 590. ఉన్నవి 600. ఒంట్లో కరిగిన వాయువు మెల్లగా బయటికి పోవడానికి 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాల్సిన సేఫ్టీ స్టాప్‌కి ఏమీ మిగల్లేదు. అదే 30 మీటర్ల దగ్గర జరిగి ఉంటే ఇద్దరికీ పైదాకా గాలి చాలదు.

ఈ లెక్క నీళ్లలోకి దిగకముందే, పడవ మీదే, నోటితో వేయగలిగిన మనిషికి ఇరవై డైవ్‌లే ఉన్నా సరే, నేను అతనితో దిగుతాను. రెండు వందల డైవ్‌లు చేసి కూడా "50 బార్ ఎందుకు?" అంటే "అలా చెప్పారు" అనే మనిషితో లోతుకి వెళ్లను. 2008లో పెట్ర్ డెనోబుల్, ఆయన సహచరులు 947 మంది రిక్రియేషనల్, అంటే వినోదానికి దిగే, డైవర్ల మరణాల్ని పరిశీలించి ప్రచురించిన వ్యాసం ఒకటి ఉంది. ప్రమాదం దేనితో మొదలైందో తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతోనే మొదలైంది. పరికరాల్లో ఇబ్బందితో మొదలైనవి 15 శాతం. సొరచేపల గురించి నన్ను ఎంతోమంది అడుగుతారు, గాలి లెక్క గురించి అడిగేవాళ్లు తక్కువ.

ఇక మన దగ్గరి ఈతగాళ్ల సంగతికి వస్తాను. మన ఊళ్లలో ఈత నేర్చుకునేది వ్యవసాయ బావుల్లో. నడుముకి డబ్బా కట్టో, సొరకాయ బుర్ర కట్టో పిల్లాణ్ణి నీళ్లలో తోసేవాళ్లు. ఆ పిల్లలే పెద్దయ్యాక బావి అడుగుకి వెళ్లి పడిపోయిన బిందె, మోటారు పైపు తీసుకొచ్చేవాళ్లు. మేడారం జాతరప్పుడు జంపన్న వాగు దగ్గర, పుష్కరాలప్పుడు కాళేశ్వరం దగ్గర మనం చూసే గజ ఈతగాళ్లు అలా తయారైనవాళ్లే. వాళ్ల మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. ఏ వరద ఎక్కడ సుడి తిరుగుతుందో, మునిగిన మనిషి ఏ మలుపు దగ్గర తేలతాడో వాళ్లకి తెలిసినంత నాకు తెలియదు.

అయితే బావిలో నేర్చుకున్న ఒక అలవాటు స్కూబాలో చంపేస్తుంది. ఊపిరి బిగబట్టడం. బావిలో దూకేటప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి, బిగబట్టి, మునుగుతాం. పది మీటర్లు వెళ్తే ఆ గాలి ఊపిరితిత్తుల్లో నొక్కుకుపోయి సగమవుతుంది, పైకి వస్తుంటే మళ్లీ మొదటి పరిమాణానికి వస్తుంది, అంతకంటే పెరగదు. అందుకే ఊపిరితిత్తులు చిట్లవు. స్కూబాలో అలా కాదు. పది మీటర్ల దగ్గర సిలిండర్ నుంచి పీల్చే గాలి ఆ పీడనంలోనే లోపలికి వస్తుంది, ఊపిరితిత్తులు నిండుగా ఉంటాయి. ఆ ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది, దానికి చోటు లేదు. ఊపిరితిత్తి చిరుగుతుంది, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకి చేరతాయి. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, ఈత కొలనులో, మనిషి ఎత్తు నీళ్లలో కూడా జరగవచ్చు. అందుకే స్కూబాలో మొదటి నియమం, ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు, రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోయినా సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి.

బాగా ఈదగలిగిన మనిషికి ఇది నేర్పడం ఈత రాని మనిషికి నేర్పడం కంటే కష్టం. చేతులు కాళ్లు నీళ్లలో భయపడవు, అదంతా బాగుంటుంది, కానీ ఏదైనా ఇబ్బంది వచ్చిన ఆ ఒక్క క్షణంలో శరీరం చిన్నప్పటి అలవాటుకే వెళ్లిపోతుంది, టక్కున ఊపిరి బిగపట్టి పైకి దూకుతాడు. వాళ్లకున్నది నిజమైన అనుభవమే, చాలా ఏళ్ల అనుభవం, కానీ అది వేరే పనిలో అనుభవం. మన గజ ఈతగాళ్లకి ప్రభుత్వం సిలిండర్లు ఇవ్వాలి అని పెద్దమనుషులు అంటుంటారు, మంచి మాటే, కానీ శిక్షణ ఇవ్వకుండా సిలిండర్ ఇస్తే ఈ అలవాటు దగ్గరే మనం వాళ్లని పోగొట్టుకుంటాం. ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి, దయచేసి.

ఈ అనుభవం వేరే పనిలో అన్న మాటకి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఉంది. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లో థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ వరద నీటికి చిక్కుకున్నారు. ముందు దిగింది థాయ్ నేవీ సీల్స్, అంటే వాళ్ల నౌకాదళ కమాండోలు. శరీర దారుఢ్యంలో, ధైర్యంలో, సముద్రంలో పనిచేయడంలో వాళ్లకి వంక పెట్టలేం. కానీ గుహ వేరు. పైకి రావాలంటే పైన గాలి లేదు, రాయి ఉంది. కంగారుపడి పైకి తేలడం అనే దారే లేదు. బురద, కరెంట్, ఒక మనిషి మాత్రమే దూరగలిగే సందులు. జులై 2న పిల్లల్ని కనిపెట్టింది ఇద్దరు బ్రిటన్ వాళ్లు, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథన్. స్టాంటన్ ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైర్ అయిన మనిషి, వొలాంథన్ ఐటీ కన్సల్టెంట్. ఇద్దరూ సైనికులు కారు. కానీ ఏళ్ల తరబడి చల్లని, ఇరుకైన, ఏమీ కనిపించని గుహల్లోనే డైవింగ్ చేస్తూ వచ్చారు. గుహలో సిలిండర్లు పెట్టి తిరిగి వస్తూ సమన్ కునన్ అనే మాజీ సీల్ జులై 6న ప్రాణాలు కోల్పోయాడు. స్వచ్ఛందంగా వచ్చినవాడు, గొప్ప దారుఢ్యం ఉన్న క్రీడాకారుడు, ఆయన త్యాగం ముందు తల వంచాలి. జులై 8 నుంచి 10 వరకు పిల్లలకి మత్తు ఇచ్చి, ముఖం మొత్తం మూసే మాస్కులు పెట్టి, గుహ డైవర్లు ఒక్కొక్కర్ని మోసుకొచ్చారు. మత్తు ఇచ్చింది రిచర్డ్ హారిస్ అనే ఆస్ట్రేలియా డాక్టర్, ఆయన కూడా గుహ డైవరే. మత్తు డాక్టర్లు లక్షల్లో ఉన్నారు, గుహ డైవర్లు వేలల్లో ఉన్నారు, రెండూ ఒక్క మనిషిలో ఉన్నవాడు కావలసి వచ్చింది.

ఇప్పుడు దీన్ని మన దగ్గరికి తీసుకొద్దాం. కోర్సు చేసి వరంగల్‌కి, కరీంనగర్‌కి తిరిగి వచ్చిన తమ్ముళ్లకి ఒక ఫోన్ వస్తుంది, ఈరోజు కాకపోతే రేపు వస్తుంది. "గ్రానైట్ క్వారీలో పిల్లాడు పడ్డాడు, నీకు స్కూబా వచ్చు కదా, వెంటనే రా." ఏడుస్తున్న తల్లిదండ్రులు, గట్టు మీద జనం, సర్పంచ్, పోలీసులు, అందరూ నీ వైపే చూస్తారు. ఆ ఒత్తిడి ఏ కోర్సులోనూ నేర్పరు.

క్వారీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. నిలువు గోడలు, ఒడ్డు ఉండదు, కాలు పెట్టగానే లోతు. అడుగున వదిలేసిన ఇనుప తాళ్లు, తుప్పు పట్టిన సామాను, మునిగిపోయిన తుమ్మచెట్లు. మట్టి ఒక్కసారి కదిలితే గంటల తరబడి కుదురుకోదు. పైగా అవి మంచినీళ్లు. సముద్రపు నీళ్లు దాదాపు రెండున్నర శాతం బరువెక్కువ, అందుకే సముద్రంలో ఎక్కువ తేలతాం. మనిషి, సామాను కలిపి వంద కిలోలు ఉంటే సముద్రంలో కట్టుకున్న దానికంటే క్వారీలో రెండున్నర కిలోలు తగ్గించుకోవాలి. వైజాగ్‌లో 8 కిలోలు కట్టాను కాబట్టి ఇక్కడా 8 కడతాను అన్నవాడు రాయిలా అడుగుకి పోతాడు, బురదలో కూరుకుంటాడు, అక్కడి నుంచి ఏమీ కనిపించదు.

చెరువులు, కాలువలు ఇంకో రకం. చెరువు తూము దగ్గర ఎవరైనా చిక్కుకుంటే దిగుతామంటారు. తూము తెరిచి ఉంటే మాత్రం ఎట్టి పరిస్థితిలో దిగకండి. తూము 5 మీటర్ల లోతులో ఉండి, అడుగు పొడవు అడుగు వెడల్పు సందు ఉందనుకోండి, లోపలి నీళ్లు ఆ సందు దగ్గరికి వచ్చిన మనిషిని దాదాపు 450 కిలోల బలంతో అదిమి పెడతాయి. ఎంత ఈత వచ్చినా, పైన పదిమంది తాడు లాగినా విడిపించడం దాదాపు అసాధ్యం. పైగా దూరం నుంచి ఆ లాగుడు తెలియదు, నీళ్లు నిలకడగానే కనిపిస్తాయి. ముందు షట్టర్ మూయించాలి, మూసినట్టు ఇరిగేషన్ వాళ్లు అక్కడే ఉండి చెప్పాలి, ఆ తర్వాతే మిగతా మాటలు. శ్రీరాంసాగర్ నుంచి మన వైపు వచ్చే కాకతీయ కాలువలో కూడా అంతే, గేట్ల దగ్గర, సైఫన్ల దగ్గర పారే నీళ్లలో సిలిండర్ వేసుకున్న మనిషి ఈత మీద ఆధారపడలేడు.

కాబట్టి ఆ ఫోన్ వచ్చినప్పుడు చెప్పాల్సిన మాట, "నేను నేర్చుకున్నది సముద్రంలో వినోదానికి దిగే డైవింగ్, ఇది నాకు రాదు, ఎన్డీఆర్ఎఫ్‌కి, ఎస్డీఆర్ఎఫ్‌కి చెప్పండి, గట్టు మీద నేను చేయగల సాయం చేస్తాను." ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. పిల్లాడు మునిగి అప్పటికే గంట దాటి ఉంటే, కష్టంగా ఉన్నా నిజం చెప్తున్నాను, మనం దిగేది శవం కోసం. శవం కోసం ఇంకో తల్లి కొడుకుని పంపకూడదు. బావి అయితే ఇంకో ప్రమాదం, లోతు బావుల్లో నీళ్ల పైన ఉండే గాలిలోనే ప్రాణవాయువు లేకపోవచ్చు, ఒకరి వెనక ఒకరు దిగి ముగ్గురు నలుగురు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

అనుభవం ఎక్కువైనకొద్దీ వచ్చే ముప్పు ఇంకొకటి ఉంది. చిన్న చిన్న నియమాలు వదిలేయడం. ఒకరోజు సేఫ్టీ స్టాప్ చేయలేదు, ఏమీ కాలేదు. ఒకరోజు బడ్డీ చెక్, అంటే దిగేముందు ఒకరి సామాను ఒకరు చూసుకోవడం, వదిలేశాం, ఏమీ కాలేదు. ఒకరోజు 50 బదులు 20 బార్‌తో పైకి వచ్చాం, అప్పుడూ ఏమీ కాలేదు. ఏమీ కాని ప్రతిరోజూ మన మెదడు దాన్ని కొత్త నియమంగా రాసుకుంటుంది. కొత్తవాడికి ఈ జబ్బు రాదు, వాడికి భయం ఉంటుంది. గుహ డైవింగ్ చరిత్రలో షెక్ ఎక్స్‌లీ అని అమెరికా వాడు, గుహల్లో జరిగిన మరణాలు ఒక్కొక్కటీ విడదీసి చదివి, గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మూడో వంతు అత్యవసరానికి అనే పద్ధతి అందరికీ తలకెక్కేలా చేసిన మనిషి. వేలకొద్దీ గుహ డైవ్‌లు చేశాడు. 1994 ఏప్రిల్‌లో మెక్సికోలో జకటోన్ అనే నీటి గుంటలో, ఎవరూ వెళ్లని లోతుకి వెళ్లే ప్రయత్నంలో చనిపోయాడు. ఆయన నిర్లక్ష్యం చేశాడని నేను అనడం లేదు. ఆ లోతులో ఎవరికీ అనుభవం లేదు, ఆయనకి కూడా లేదు, అంతే. వెనక ఉన్న వేల డైవ్‌లు ముందున్న ఆ ఒక్క లోతుని తెలిసిన చోటుగా మార్చలేకపోయాయి.

మరి పనితనం ఎలా వస్తుంది? సాధనతోనే. ఖరీదైన ట్రిప్పులు అక్కర్లేదు. మాస్క్ పూర్తిగా తీసేసి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం ప్రశాంతంగా ఊపిరి పీల్చి మళ్లీ పెట్టుకోవడం. రెగ్యులేటర్ నోట్లోంచి తీసి వదిలేసి, చేత్తో వెతికి పట్టుకుని మళ్లీ నోట్లో పెట్టుకోవడం. బడ్డీతో గాలి పంచుకుంటూ ఈదడం. వెయిట్ బెల్ట్ విప్పి వదలడం, ఎందుకంటే ప్రమాదాల్లో చనిపోయిన చాలామంది ఒంటి మీద బరువులు అలాగే ఉంటాయి, తీసేయాలని తెలిసినా చేతులకి అలవాటు లేదు. అడుగుకి తగలకుండా, పైకి తేలకుండా ఒకేచోట గాలిలో వేలాడినట్టు నిలబడటం. ఇవన్నీ కొలనులో చేయవచ్చు, శిక్షకుడు పక్కన ఉండాలి, అంతే. ఆరు నెలలో ఏడాదో గ్యాప్ వస్తే సముద్రంలో దిగేముందు మళ్లీ ఇవన్నీ చేసి చూసుకోవాలి. డైవింగ్ సైకిల్ తొక్కడం లాంటిది, ఒకసారి వస్తే పోదు అంటారు, నేను ఒప్పుకోను. నీళ్లలో ఉండటం గుర్తుంటుంది, కానీ చేతుల వేగం పోతుంది.

పరకాల వైపు నుంచి ఒక టీచరమ్మ నా దగ్గర నేర్చుకున్నారు. నలభై దాటిన తర్వాత మొదలుపెట్టారు, డైవ్‌లు చాలా కొద్ది. ఒక ఉదయం పడవ మీద అందరం సిద్ధమయ్యాక ఆవిడ గాలి ఎంతుందో చూపే గేజ్ చూసి, కరెంట్ వైపు చూసి, "సార్, నాకు ఈరోజు ఎందుకో బాగా అనిపించడం లేదు, నేను దిగను" అన్నారు. పక్కనున్నవాళ్లు డబ్బు పోతుంది కదా అన్నారు. ఆవిడ నవ్వి సామాను విప్పేసి కూర్చున్నారు. డైవింగ్‌లో ఒక ఒప్పందం ఉంది, ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా డైవ్ ఆపేయవచ్చు, దిగకముందైనా, నీళ్లలోనైనా. బొటనవేలు పైకి చూపిస్తే చాలు, పైకి పోదాం అని అర్థం, మిగతావాళ్లు ఎందుకని అడగకుండా రావాలి. ఆ రోజు ఆ పడవలో ఆ ఒప్పందాన్ని అందరికంటే బాగా అర్థం చేసుకున్న మనిషి ఆవిడే. ఆ తర్వాత నేను ఆవిడని ధైర్యంగా లోతుకి తీసుకెళ్లాను, ఎందుకంటే పరిస్థితి బాగాలేకపోతే ఆవిడే నాకు చెప్తారు.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక యువకుడు: మంచి శిక్షకుణ్ణి ఎలా తెలుసుకోవాలన్నా?)

కార్డు ఎన్ని రోజుల్లో ఇస్తారు అని అడగకు తమ్ముడూ, నాకు రాకపోతే ఏం చేస్తారు అని అడుగు. "రాకపోవడం ఏముంది, అందరికీ ఇచ్చేస్తాం" అంటే అక్కడ చేరకు. ఒక శిక్షకుడి కింద ఎంతమంది దిగుతారు, పడవ మీద ఆక్సిజన్ ఉందా, మెడికల్ ఫారం ఇస్తున్నారా అని అడుగు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, ఇవి దాచిపెట్టి సంతకం చేయొద్దు, డాక్టర్‌తో రాయించుకుని రా. ఇంకో మాట, ట్రయల్ డైవ్ అని బీచ్‌లలో చేయిస్తారు, సిలిండర్ పట్టుకుని వెనక నుంచి నడిపించుకుంటూ వెళ్తారు, ఫొటోలు దిగుతారు. అది రుచి చూడటానికి మంచిదే. దాన్ని చూపించి నాకు డైవింగ్ వచ్చు అని మాత్రం ఎవరికీ చెప్పకు.

(ఒక మహిళ: మేము పిల్లలతో వైజాగ్ వెళ్తున్నాం, మొదటిరోజు డైవింగ్, సాయంత్రమే అరకు అనుకుంటున్నాం. పర్వాలేదా?)

మంచి ప్రశ్న అక్కా, ఈ ప్లాన్ వరంగల్ నుంచి వచ్చే సగం కుటుంబాలది. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగుతారు, పొద్దున డైవింగ్, మధ్యాహ్నం కారులో అరకు. అలా చేయొద్దు. నీళ్లలో ఉన్నప్పుడు నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, అది మెల్లగా ఊపిరి ద్వారా బయటికి పోవాలి. ఎత్తుకి వెళ్తే బయటి పీడనం తగ్గి, అది ఒంట్లోనే బుడగలు కట్టవచ్చు, కీళ్ల నొప్పుల నుంచి కాళ్లు చచ్చుబడేదాకా ఏమైనా కావచ్చు. అందుకే డైవింగ్ తర్వాత విమానం ఎక్కొద్దు అంటారు, ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరసగా చేస్తే 18 గంటలు ఆగమంటారు. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో ఘాట్ ఇంకా ఎత్తుకి ఎక్కుతుంది. విమానానికి చెప్పే జాగ్రత్తే దానికీ వర్తిస్తుంది. కొద్దిసేపు, తక్కువ లోతులో చేసే ట్రయల్ డైవ్ అయితే ముప్పు చాలా తక్కువే, అయినా పిల్లలతో వెళ్తూ ఎందుకు తెచ్చుకోవాలి? ముందు అరకు, బొర్రా గుహలు చూసుకుని, కిందకి వచ్చి, ఒక రాత్రి నిద్రపోయి, ఆఖరి రోజు డైవింగ్ పెట్టుకోండి. తిరుగు ప్రయాణం రైల్లోనే కాబట్టి ఇబ్బంది లేదు. హోటల్ బుకింగ్ అయిపోయి ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి తేదీలు అటూ ఇటూ మార్పించుకోండి.